అరవై కిలోమీటర్ల అతిథి

ముందుగా క్షమాపణ. నాకు అక్షరాలు వచ్చింది యాభై తొమ్మిదో ఏట. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఏ అక్షరం పొట్టలో చుక్క పెట్టాలో, ఏ పొట్ట ఖాళీగా వదలాలో తేల్చుకునేసరికి రాయవలసిన మాట మరిచిపోతాను. ఈ కాసిని కాగితాలకి రెండు వానాకాలాలు పట్టింది. తప్పులు కనిపిస్తే దిద్దుకుని చదవండి. ఇది మా పక్కింటి కాళాంబ సంగతి. ఆవిడ చెప్పింది, ఆవిడ దగ్గరున్న సర్కారు కాగితాలు నేను కూడబలుక్కుని చదివింది, రెండూ కలిపి రాశాను. కాగితాల్లో మాటలు ఎలా ఉంటే అలాగే దించాను. వాటి అర్థానికి నాది పూచీ కాదు.

రేవులగడ్డలో ఒక మ్యూజియం ఉంది. పాత తహసీల్దారు కచేరీకి సున్నం కొట్టి, మ్యూజియం అని బోర్డు పెట్టారు. అందులో ముక్కులు పోయిన విగ్రహాలు ఆరు, ఎవరివో తెలియని కత్తులు నాలుగు, ఒక జమీందారు గారి స్నానాల తొట్టి ఉన్నాయి. తొట్టి పక్కన, గది మూలగా, విరూపాచారి కొలిమి తిత్తి ఉండేది.

విరూపాచారి ఆ ఊరి కమ్మరి. నలభై ఏళ్ళపాటు ఆ చుట్టుపక్కల కొడవళ్ళు, నాగలి కర్రులు, బండి పట్టాలు ఆయన చేతిమీదుగానే వెళ్ళాయి. ఆయన సమ్మెట ఎత్తితే, నిప్పుకి గాలి కొట్టే ఆ పెద్ద తోలు తిత్తిని ఆయన భార్య కాళాంబ లాగేది. కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేత్తో లాగేది. ఎడమచెయ్యి నొప్పి పుడితే మళ్ళీ కుడిచేత్తో లాగేది. ఆయన పోయిన ఏడాదికి రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చి కొలిమి తీసేశారు. తిత్తిని మ్యూజియం వాళ్ళు పట్టుకుపోయి ఒక చీటీ అంటించారు. 'పురాతన గాలి యంత్రము. తోలు, చెక్క. కాలము తెలియదు.' కాలం కాళాంబకి బాగానే తెలుసు. పెళ్ళయిన మూడో ఏట, పెద్దకూతురు కడుపులో ఉండగా కుట్టారు దాన్ని. ఎవరూ అడగలేదు కాబట్టి తెలియదనే రాశారు.

తోలు తిత్తికి ఒక గుణం ఉంది. ఊరికే ఉంచితే చచ్చిపోతుంది. మడతలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఎండి పగుళ్ళిస్తాయి. కమ్మరివాళ్ళు అమావాస్యనాడు కొలిమి వెలిగించరు. ఆ రోజు తిత్తికి ఒళ్ళంతా ఆముదం పట్టించి, నిప్పు లేకుండా ఓ పదిసార్లు ఉత్త గాలి లాగి వదులుతారు. కొలిమి పోయినా కాళాంబకి అమావాస్య పోలేదు. నెలకోసారి ఆముదం గిన్నె కొంగుచాటున పెట్టుకుని మ్యూజియానికి వెళ్ళేది. వాచ్‌మన్ జోగినాథం "రా పిన్నీ" అని తలుపు తీసేవాడు. క్యూరేటర్ పరంజ్యోతి గారు ఆ గంటసేపూ పేపరు ఎత్తిపట్టుకుని చదువుకునేవారు, ఆవిడ కనపడకుండా. మంచి మనిషి. ఆ మ్యూజియంలో ప్రాణంతో ఉన్న వస్తువు అదొక్కటే అని ఆయనకి తెలుసు.

ఇలా ఆరేళ్ళు గడిచాక, మ్యూజియాల శాఖ జాయింట్ డైరెక్టరు శరభేశ్వర్రావు గారు విదేశానికి తొమ్మిది రోజులు వెళ్ళి వచ్చారు. అక్కడ ఒక మ్యూజియంలో సభ్యుడైతే ఇంకో ఊరి మ్యూజియంలో కూడా మర్యాద చేస్తారట. ఆయనకి ఎవరో కాఫీ ఇచ్చారట. ఆ కాఫీ చల్లారేలోగా మన నలభై ఒక్క మ్యూజియాలకీ ఉత్తర్వు బయలుదేరింది. అది నా ముందే ఉంది.

'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఏదేని ఒక మ్యూజియమునందు సభ్యత్వము పొందిన వ్యక్తి తక్కిన నలభై భాగస్వామ్య మ్యూజియములయందును అతిథి సభ్యునిగా ఆదరింపబడును. అట్టి వారికి ఉచిత ప్రవేశము, కుర్చీ, ఒక కప్పు తేనీరు, మార్గదర్శి మరియు పది నిమిషముల స్పర్శా సౌలభ్యము కల్పించవలెను.' స్పర్శా సౌలభ్యం అంటే ముట్టుకోవడం. ఏడో నిబంధన ఇలా ఉంది: 'సొంత మ్యూజియమునందుగాని, నివాసమునకు అరవై కిలోమీటర్ల లోపు గల ఏ మ్యూజియమునందుగాని పై సౌకర్యములు వర్తించవు. స్థానికులకు మ్యూజియము ఎల్లవేళలా అందుబాటులో ఉన్నందున, వారికి అందుబాటు కల్పించనవసరము లేదు.' ఎనిమిదోది చిన్నది. 'పథకము వెలుపల ఎవరును తాడు దాటరాదు.'

తాడు ఏమిటా అనుకుంటారేమో. తాడు కూడా ఉత్తర్వుతోపాటే వచ్చింది, చుట్టలు చుట్టలుగా, ఎర్రది.

ఆ అమావాస్యకి కాళాంబ వెళ్ళేసరికి తిత్తి చుట్టూ తాడు కట్టేసి ఉంది. జోగినాథం నేల చూస్తూ నిలబడ్డాడు. పరంజ్యోతి గారు ఉత్తర్వు రెండుసార్లు చదివి వినిపించారు, రెండోసారి ఇంకాస్త మెల్లగా. ఆవిడ ఆలోచించి ఆలోచించి అడిగింది, నేను ఈ ఊరిదాన్ని గనక ముట్టుకోకూడదా అని. అవునన్నారాయన. ఈ ఊరిదాన్ని కాకుండా, ఈ తిత్తి ఏమిటో తెలియని మనిషినైతే ముట్టుకోవచ్చా అంది. తేనీరు కూడా ఇస్తామన్నారు.

పాపం, ఆయన ఊరుకోలేదు. తనే ఫారం నింపి, తనే ఫోటో తీయించి, ఆవిడకి రేవులగడ్డ మ్యూజియం సభ్యత్వం ఇప్పించారు. ఫోటోలో ఆవిడ ఆముదం తాగినట్టు ఉంది.

"ఈ కార్డుంటే నలభై మ్యూజియాల్లో మీ ఇష్టమొచ్చింది ముట్టుకోవచ్చమ్మా" అన్నారు.

"నాకు కావలసింది ఒకటే కదా బాబూ."

"అదొక్కటీ కుదరదు."

కాళాంబ కార్డు రవికలో పెట్టుకుని చింతలగిరి బస్సెక్కింది. రేవులగడ్డకి నూట ఇరవై రెండు కిలోమీటర్లు చింతలగిరి. అక్కడి మ్యూజియం పెద్దది, అక్కడివాళ్ళకి ఏమైనా దారి తెలుస్తుందేమో అడుగుదామని వెళ్ళింది. అడగనిస్తేగా. కార్డు చూడగానే ఇద్దరు లేచి నిలబడ్డారు. చేతిలో పూలగుత్తి పెట్టారు, కుర్చీలో కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. ఇంత దూరం నుంచి తమ వస్తువుల్ని వెతుక్కుంటూ వచ్చినందుకు ధన్యవాదాలు చెప్పారు. పది నిమిషాలు ఏం ముట్టుకుంటారు అని అడిగి, ఆవిడ బిక్కమొహం వేస్తే, ఒక గుంట మగ్గం ముందు నిలబెట్టి గడియారం చూసుకున్నారు.

ముట్టుకోకపోతే ఏమనుకుంటారో అని ఆవిడ మగ్గం మీద చెయ్యి వేసింది. కిటికీ ఊచల అవతలి నుంచి ఒక గొంతు బతిమాలింది. "అమ్మా, ఆ పన్నె సందుల్లో దుమ్ము పేరుకుంది. పుణ్యముంటుంది, కాస్త నోటితో ఊదండి."

ఆయన పేరు మార్కండయ్య. మగ్గం ఆయనదే. ఇల్లు మ్యూజియానికి ఎదురు సందులో. పడుగుదారాలు విడదీసే ఆ పన్నె పళ్ళలో దుమ్ము చేరితే తుప్పు పడుతుందని, రోజూ కిటికీ దగ్గరకు వచ్చి ఊచల్లోంచి ఊదుతాడట. అక్కడిదాకా ఊపిరి చేరదట.

ఇద్దరూ మ్యూజియం మెట్ల మీద కూర్చున్నారు. ఆయన దగ్గరా ఒక కార్డుంది, చింతలగిరిది. ఒకరి కార్డు ఒకరు తిప్పి తిప్పి చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. నీ మగ్గం నేను చూస్తాను అన్నయ్యా, నా తిత్తి నువ్వు చూడు. ఆముదం ఎంత పట్టించాలో, ఏ మడత దగ్గర ఆగాలో, ఆవిడ గాల్లో చేతులు తిప్పి చూపించింది. పన్నె ఎలా తుడవాలో, ఏ దారం జోలికి పోకూడదో ఆయన చూపించాడు. బస్సు వచ్చేదాకా అదే పని.

మొదటి రెండు నెలలూ బాగానే నడిచింది. ప్రతి అమావాస్యకీ ఆవిడ అటు, ఆయన ఇటు. బస్సులు దారి మధ్యలో టీ కోసం ఆగేచోట ఇద్దరూ కలుసుకుని, తిత్తి ఎలా ఉంది, మగ్గం ఎలా ఉంది అని కుశలం అడుక్కునేవాళ్ళు. మూడో నెల మార్కండయ్య మొహం వెలిగిపోతోంది.

"ఈసారి నీ తిత్తిని చూస్తే మురిసిపోతావు చెల్లెమ్మా. తోలు వదులుగా వేలాడుతుంటే నా ప్రాణం ఒప్పలేదు. ఇంటి దగ్గర నుంచి గంజి కాచుకొచ్చి కుంచెతో దట్టంగా పట్టించాను. బల్లలా బిగిసింది."

కాళాంబ టీ గ్లాసు కింద పెట్టింది. సాలెవాళ్ళ చేతికి వదులుగా ఉన్నది ఏది తగిలినా గంజే గుర్తొస్తుందని ఆవిడకి అప్పుడు తెలిసింది. తనూ ఒకటి చెప్పవలసి ఉంది.

"నీ మగ్గం తొక్కుడు కర్రలు ఊగుతున్నాయి అన్నయ్యా. చీలలు తెచ్చి నాలుగుపక్కలా రాయితో దిగేసి కొట్టాను. ఇక ఏనుగు తొక్కినా కదలవు."

తొక్కుడు కర్రలు కదలకపోతే నేత పడదు. ఆ మాట ఆయన అనలేదు. ఎవరి చేతులు వాళ్ళ పనే చేశాయి. తప్పెవరిదని అడగడానికి ఏముంది.

గంజి వాసనకి ఎలుకలు వచ్చాయి. తిత్తి మూడో మడత దగ్గర అరచెయ్యి పట్టేంత కన్నం పడింది. పరంజ్యోతి గారు పై ఆఫీసుకి రాశారు. జవాబు వచ్చింది. 'అతిథి స్పర్శానంతరము వస్తువునందు స్పష్టమైన మార్పు గోచరించినందున, స్పర్శా సౌలభ్యము ఫలప్రదమైనట్లు భావించడమైనది. అభినందనలు. మార్చి నెలాఖరులోగా బాగుపడని వస్తువులను చిట్టానుండి తొలగించి పారవేయవలెను.' అభినందనలు, పారవేయడం ఒకే పేరాలో ఉన్నాయి. నేను మళ్ళీ మళ్ళీ చదివాను, పొరపాటు పడ్డానేమోనని.

కాళాంబకి ఆ రోజు నుంచి మార్చి తప్ప వేరే ధ్యాస లేదు. తోలు ముక్క సంపాదించింది, నానబెట్టింది, కన్నం కొలతకి కోసి ఉంచుకుంది. దబ్బనం నూరుకుంది. పది నిమిషాలు ఇస్తే సగం కుట్లు వేసేయగలదు. ఆ పది నిమిషాలే లేవు.

ఈలోగా ఉత్తర్వు ఇంకా లోపలికి దిగింది. తనిఖీకి వచ్చిన అధికారికి ఒక సందేహం కలిగింది. చీపురు పట్టుకుని ఊడ్చే మనిషి తాడు దాటి విగ్రహాల దుమ్ము దులుపుతోంది, ఆమె స్థానికురాలు, ఇది స్పర్శా సౌలభ్యం కాదా అని. అవుననే తేలింది. కాబట్టి చింతలగిరిలో ఊడ్చే మనిషి బస్సెక్కి రేవులగడ్డ వచ్చి ఊడ్చేది, రేవులగడ్డ మనిషి చింతలగిరి వెళ్ళి ఊడ్చేది. పది నిమిషాలు ఊడ్చి, టీ తాగి, పూలగుత్తి పట్టుకుని తిరుగు బస్సు ఎక్కేవాళ్ళు. తరవాత మ్యూజియం తలుపు తాళం కూడా చిట్టాలో ఉన్న వస్తువేనని గమనించారు. జోగినాథం ఇరవై ఏళ్ళుగా ఆ తాళం ముట్టుకుంటున్నాడు. అతన్ని చింతలగిరి తాళానికి పంపి, చింతలగిరి వాచ్‌మన్ని ఇక్కడి తాళానికి రప్పించారు. పదకొండున్నర బస్సుకి వచ్చి తలుపు తీసి, ఒంటిగంటన్నర బస్సుకి వేసి వెళ్ళిపోయేవాడు. పరంజ్యోతి గారి కుర్చీ, బల్ల కూడా చిట్టాలో ఉన్నాయి. ఆయన రెండు నెలలు నిలబడి సంతకాలు పెట్టి, ఆ పైన సెలవు పెట్టారు.

పథకానికి ఏడాది నిండిన సందర్భంగా శరభేశ్వర్రావు గారే స్వయంగా రేవులగడ్డ వచ్చారు. ఆయన రాజధాని నుంచి వచ్చారు గనక ఏది కావాలంటే అది ముట్టుకోవచ్చు. విగ్రహాలన్నిటినీ ఒకసారి తట్టి చూశారు. కాళాంబ వాకిట్లోనే ఉంది, పొద్దున్నించీ. జనం తగ్గాక దగ్గరకు వెళ్ళి దణ్ణం పెట్టి, కన్నం సంగతి, అతుకు సంగతి, మార్చి సంగతి చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నారు. మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు కూడా.

"చూడమ్మా. ఆప్యాయత అనేది ఒక అనుభూతి. దూరం అనేది ఒక కొలమానం. శాఖ కొలమానాలను అనుసరించి నడుస్తుంది. ఒక్కరికి మినహాయింపు ఇస్తే ఊళ్ళో ప్రతివాళ్ళూ తమ వస్తువులు తాము బాగుచేసుకుంటామని బయలుదేరతారు. అప్పుడు మ్యూజియం దేనికి?"

"నిజమే బాబూ. నేనే దూరంగా ఉంటే ముట్టుకోనిస్తారా?"

"నిస్సందేహంగా. సాదరంగా."

"ఎంత దూరం?"

"అరవై దాటాలి."

"రోడ్డు మీద కొలుస్తారా, కాకి ఎగిరినట్టు కొలుస్తారా?"

అది ఉత్తర్వులో లేదు. ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. రోడ్డు మీదనే, మ్యూజియం గేటు నుంచి, అని అప్పటికప్పుడు నిర్ణయించి, ఆ నిర్ణయం తనకే నచ్చి, పక్కనున్న గుమాస్తాచేత తొమ్మిదో నిబంధనగా రాయించారు. కాళాంబ ఆయనకి మళ్ళీ దణ్ణం పెట్టి, అయితే సరే అని వచ్చేసింది.

రేవులగడ్డ నుంచి చింతలగిరి పోయే దారిలో సరిగ్గా సగంలో అరవై ఒకటో కిలోమీటరు రాయి ఉంది. బస్సులు టీకి ఆగేది అక్కడే. ఒక హోటలు, ఒక పంక్చరు షాపు, ఒక కల్వర్టు. ఊరు లేదు. హోటలువాడి వెనక ఖాళీగా ఉన్న పాక కాళాంబ తీసుకుంది. కూతురు ఫోన్లో ముందు ఏడ్చింది, తరవాత తిట్టింది. తిత్తి కోసం ఇల్లు వదిలేవాళ్ళుంటారా, నాన్న కోసం కూడా ఇంత చెయ్యలేదు నువ్వు అంది. నాన్న మాట్లాడేవాడు, కావలసింది తనే అడిగేవాడు అంది కాళాంబ. రేవులగడ్డలో అద్దెకున్న రెండు గదులూ ఖాళీ చేసి, దబ్బనం, తోలు ముక్క, ఆముదం సీసా మూటగట్టుకుని బస్సు దిగింది. నివాస ధ్రువపత్రం రాయడానికి వచ్చిన పంచాయతీ కార్యదర్శి, ఊరి పేరు దగ్గర ఏం రాయాలో తెలియక రాయి వంక చూసి దాని మీదున్న అంకె రాశాడు. ఆ పత్రం చూపించి ఆవిడ తన సభ్యత్వం చింతలగిరి మ్యూజియానికి మార్పించుకుంది.

నెల తిరక్కుండా మార్కండయ్య వచ్చాడు. ఆ రాయి చింతలగిరికీ అరవై ఒకటే. ఆయన మగ్గం తొక్కుడు కర్రలు మళ్ళీ వదులు చేసుకోవాలి మరి. ఆయన కార్డు రేవులగడ్డకి మారింది. తరవాత ఒక కుమ్మరాయన కుండలు చేసే సారె కోసం, ఒక ముసలమ్మ తిరగలి కోసం వచ్చారు. కాళాంబ పక్క పాకలోకి ఒకావిడ మొగుడి డోలు కోసం వచ్చింది. ఆవిడ సంగతి ఇక్కడ అనవసరం.

మార్చి వచ్చే ముందు అమావాస్యకి కాళాంబ రేవులగడ్డలో అతిథిగా బస్సు దిగింది. తలుపు తీసింది చింతలగిరి వాచ్‌మన్, ఎదురొచ్చింది ఎక్కడి నుంచో బదిలీ చేసి పంపిన మార్గదర్శి. ఆవిడ ఈ ఊరిదని ఎవరికీ తెలియదు. పూలగుత్తి ఇచ్చారు. కుర్చీ వేశారు. ఇంత దూరం ఎలా వచ్చారమ్మా, మా ఊరు మొదటిసారా అని అడిగారు. వసతి కావాలంటే అతిథి సభ్యుల విశ్రాంతి గృహం ఉంది, కమ్మరి సందులో రెండు గదులు, స్థానికులెవరినీ రానివ్వం, ప్రశాంతంగా ఉంటుంది అన్నారు. ఆ రెండు గదుల్లో ఏ గోడకి ఏ మేకు కొట్టి ఉందో కాళాంబకి తెలుసు. అక్కర్లేదు బాబూ, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను అంది.

మార్గదర్శి తిత్తి ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టాడు. ఇది పూర్వం రాజుల కాలంలో ఏనుగులకు విసరడానికి వాడిన సాధనమని పండితుల అభిప్రాయం. కాళాంబ టీ తాగుతూ విన్నది. ఏనుగులా అంది. ఏనుగులేనమ్మా అన్నాడు. అప్పుడు గడియారం చూసి, మీ స్పర్శా సౌలభ్యం ప్రారంభమైంది అన్నాడు.

ఆవిడ నేల మీద కూర్చుంది. తడిగుడ్డతో గంజి పొర వదిలించింది, మడత విప్పింది, అతుకు పెట్టింది. దబ్బనం తోలులోకి దిగుతున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు. పది నిమిషాలకి ఏడు కుట్లు పడ్డాయి. ఎనిమిదో కుట్టుకి దబ్బనం గుచ్చి ఉండగా సమయం అయిపోయిందన్నాడు మార్గదర్శి. గుచ్చిన దబ్బనం అలాగే వదిలి వస్తే కన్నం పెద్దదవుతుంది. బాబూ, ఇదొక్కటీ లాగి ముడి వేస్తాను అంది ఆవిడ. తల ఎత్తకుండానే దారం వేలికి చుట్టుకుంది. అతను గడియారం కేసి చూశాడు, ఆవిడ వేళ్ళకేసి చూశాడు. తరవాత గడియారం జేబులో పెట్టేసుకుని, ఏనుగుల సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు, నెమ్మదిగా, అడవులు, మావటీలు, అంకుశాలు అన్నీ కలిపి. అతని పేరు కూడా ఆవిడ అడగలేదు. అతను ఏనుగులు పూర్తిచేసేసరికి పద్దెనిమిది కుట్లూ పడ్డాయి.

ఆవిడ లేచి పిడి పట్టుకుని లాగింది. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి ఎండిన గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు. మూడోసారి గొట్టంలోంచి గాలి బుస్సున వచ్చి, మార్గదర్శి చేతిలో ఉన్న కాగితాలు జమీందారు గారి తొట్టిలో పడ్డాయి. కాళాంబ మొహం గోడవైపు తిప్పుకుంది. అతను కాగితాలు ఏరుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

మార్చి నివేదికలో తిత్తి పేరు తొలగించే చిట్టాలో లేదు. దాని బదులు అరవై ఒకటో కిలోమీటరు నుంచి పదే పదే వస్తున్న సుదూర ప్రాంతపు కళాభిమానుల గురించి ఒక పేజీ ఉంది. శరభేశ్వర్రావు గారు ఆ పేజీ చదివి చలించిపోయారు. జనావాసమే లేనిచోట పందొమ్మిది కుటుంబాలు, అందరికీ మ్యూజియాలంటే ఇంత ప్రేమ. ఇంత అభిమానానికి శాఖ స్పందించకపోతే ఎలా? నలభై రెండో మ్యూజియం అరవై ఒకటో రాయి దగ్గరే కట్టాలని, అక్కడివారు తరచుగా స్పృశించే వస్తువులన్నీ వారి ముంగిట్లోకే తెచ్చి పెట్టాలని ఉత్తర్వు అయింది. శంకుస్థాపనకి ఆయనే వచ్చారు. కాళాంబని గుర్తుపట్టి, నీ తిత్తి నీ గుమ్మం ముందుకే వస్తోందమ్మా, ఇక బస్సు ప్రయాణం తప్పింది అన్నారు.

"అప్పుడు నేను స్థానికురాలినా బాబూ?"

"ప్రారంభోత్సవం జరిగిన క్షణం నుంచీ" అన్నారాయన గర్వంగా.

ఆ సాయంత్రం పందొమ్మిది పాకల్లోనూ ఎవరూ పొయ్యి వెలిగించలేదు. పోయిన పొయ్యిలు ఎన్నని మళ్ళీ పెట్టుకుంటాం, ఇంకో అరవై ఎటు నడుస్తాం అన్నాడు మార్కండయ్య.

భవనం లేచింది. కప్పు పడింది, రంగు పడింది, ఎర్ర తాడు చుట్టలు దిగాయి. ఒక మధ్యాహ్నం లారీ వచ్చింది, తిత్తి, మగ్గం, సారె, తిరగలి, డోలు అన్నిటితో. డ్రైవరు కాగితం చూపించి ఎక్కడ దింపాలి అన్నాడు. భవనం దగ్గరున్న గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. ప్రారంభోత్సవం కాని మ్యూజియం మ్యూజియం కాదు, దాని చిట్టా తెరవలేదు, చిట్టా లేకుండా వస్తువు తీసుకోకూడదు. వెనక్కి తీసుకుపొమ్మంటే పాత మ్యూజియాల చిట్టాల్లో పేర్లు కొట్టేశారట, అక్కడ గేటు లోపలికి కూడా రానివ్వరట. అటు చిట్టాలో లేదు, ఇటు చిట్టాలో లేదు. డ్రైవరు లారీ దిగి చెట్టు కింద కూర్చుని బీడీ వెలిగించాడు.

కాళాంబ వెళ్ళి గుమాస్తాని అడిగింది. చిట్టాలో లేని వస్తువుకి తాడు కడతారా నాయనా? అతను ఉత్తర్వు అటూ ఇటూ తిరగేశాడు. చిట్టాలో ఉన్న వస్తువుల గురించే ఉంది. లేనిదానికి కట్టమని ఎక్కడా లేదు. మరి దాన్ని ముట్టుకోకూడదని ఉందా? అదీ లేదు. అయితే ప్రారంభోత్సవం దాకా నా పాకలో దింపించు, ఎండకి తోలు పాడవుతుంది అంది. ఎవరి వస్తువు వాళ్ళ పాకలో దిగింది. తాత్కాలిక నిల్వ అని కాగితం రాసి అందరిచేతా వేలిముద్రలు వేయించుకున్నారు. సంతకం పెట్టింది ఒక్క డోలు ఆవిడే.

ప్రారంభోత్సవం మొదట ఉగాదికి అన్నారు. అప్పుడు మంత్రిగారికి తీరిక లేదు. తరవాత ఆషాఢం వచ్చింది, మంచిరోజులు కావు. ఆ తరవాత శిలాఫలకం మీద ఒక పెద్దాయన పేరు రెండో వరసలో పడిందని ఫలకం వెనక్కి వెళ్ళింది. కొత్త ఫలకం వచ్చేసరికి శరభేశ్వర్రావు గారు ఇంకో దేశం వెళ్ళారు. అక్కడ మ్యూజియాలు కొత్తగా ఏదో చేస్తున్నాయట.

కాళాంబ కొలిమి వెలిగించి పదహారు నెలలైంది. చుట్టుపక్కల పొలాలవాళ్ళు కొడవళ్ళు పట్టుకొస్తున్నారు. లాగడానికి ఆవిడ ఉంది, సమ్మెట కొట్టడానికి ఆచారి లేడు కాబట్టి, ఉద్యోగం మానేసి వచ్చిన జోగినాథం కొడుతున్నాడు. తాళం తీసినట్టే కొడతాడు, మెల్లగా, పిన్నీ ఇలాగేనా అని అడుగుతూ. మార్కండయ్య మగ్గం టకటకా ఆడుతోంది. అమావాస్యనాడు మాత్రం కొలిమి వెలగదు. ఆ రోజు పాకల్లో ఉన్న మేమందరం ఎదురుగా తాళం వేసున్న మ్యూజియం వసారాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. చల్లగా ఉంటుంది.

నిన్న మళ్ళీ ఉత్తరం వచ్చింది. వచ్చే నెలలోనే ప్రారంభోత్సవమని, ఈసారి తప్పదని. నేనే చదివి వినిపించాను. ఎవరూ కంగారు పడలేదు. శాఖ మీద మా అందరికీ పూర్తి నమ్మకం ఉంది.

పాలవలస తవిటమ్మ,
వయసు అరవై ఆరు,
ప్రారంభోత్సవం జరిగేదాకా అరవై ఒకటో కిలోమీటరు రాయి దగ్గర నివాసం.